క్లోన్ చేసిన ఇమేజ్ కొత్త కంప్యూటర్లలో బూట్ కావడం లేదు, దారి చెప్పండి

గుంటూరు అరండల్‌పేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో కంప్యూటర్లన్నీ నేనే చూస్తాను. ఒకదానిలో విండోస్ 11, ట్యాలీ, తెలుగు ఫాంట్లు (అవి లేకపోతే గుమాస్తాలు ఊరుకోరు) ఎక్కించి, సిస్‌ప్రెప్‌తో జనరలైజ్ చేసి (ఆ ఒక్క కంప్యూటర్‌కే చెందిన వివరాలు తీసేసి), క్లోన్‌జిల్లాతో ఇమేజ్ (డిస్కు మొత్తానికి నకలు) తీశాను. పాత మోడళ్లలో చక్కగా దిగింది. కొత్తవాటిలో మాత్రం విండోస్ గుర్తు కనిపించీ కనిపించగానే నీలి తెర, ‘ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్’. బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లో) డిస్కును నడిపే పద్ధతి చూస్తే పాతవి ఏహెచ్‌సీఐ మోడ్‌లో, కొత్తవి రెయిడ్ మోడ్‌లో ఉన్నాయి. వాటినీ ఏహెచ్‌సీఐకి మార్చేయడమా, రెయిడ్‌కు కావలసిన స్టోరేజ్ డ్రైవర్‌ను (విండోస్ డిస్కును గుర్తించేలా చేసే ప్రోగ్రామ్) ఇమేజ్‌లోనే కలపడమా, ఏది మేలు?

ఇంకొకటి: 512 జీబీ డిస్కు ఇమేజ్‌ను 256 జీబీలోకి దించాలి. పార్టిషన్ (డిస్కులో విండోస్ ఉన్న భాగం) ముందే కుదించి మళ్లీ ఇమేజ్ తీస్తే చాలా? రిటర్నుల గడువు ముంచుకొస్తోంది. ఒక్కోదానిలో విడివిడిగా ఎక్కించమని మాత్రం చెప్పకండి.