విశ్వవిద్యాలయంలో అమ్మాయిలు మైదానానికి ఎందుకు రావడం లేదు?

మైదానం_మనిషి:
నేను ఫిజికల్ డైరెక్టర్‌ని. మా జిమ్‌లో సాయంత్రం 4 నుంచి 5 వరకు అమ్మాయిలకే కేటాయించాం. రిజిస్టరులో సంతకాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అబ్బాయిలు మాత్రం తెల్లవారేసరికి తలుపు దగ్గర ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అంచనాలో మన దేశంలో చాలినంత శారీరక శ్రమ లేనివారు పురుషుల్లో 42 శాతం, స్త్రీలలో 57 శాతం. సౌకర్యం ఇచ్చినా రాకపోతే ఆసక్తి లేదనే కదా అర్థం?

రెండో_అంతస్తు:
ఆ వేళకు మేం ల్యాబులో ఉంటాం సార్. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వాళ్లకు బయటపడేసరికి నాలుగున్నర దాటుతుంది. ఆరున్నరకు మా హాస్టలు గేటుకు తాళం. అబ్బాయిల హాస్టలుకు ఆ నియమం లేదు. ఒకసారి ఆలస్యమైతే వార్డెన్ మా నాన్నకు ఫోను చేశారు. ఆయన నన్ను అడిగిన మొదటి మాట, "ఎవరితో ఉన్నావు?"

పెద్దకొడుకు:
ఇంటి పని వ్యాయామం కాదా? ఆ 57 శాతంలో దాన్ని లెక్కపెట్టి ఉండరు.

మైదానం_మనిషి:
లెక్కపెట్టారు. ఆ సర్వే ప్రశ్నల్లో ఇంటి పని కూడా ఉంది.

పెద్దకొడుకు:
మా అమ్మ బకెట్లు మోస్తుంది, బట్టలు ఉతుకుతుంది. అది ఏ శ్రమ కిందికి వస్తుందో చెప్పండి.

మైదానం_మనిషి:
చర్చ విద్యార్థుల గురించి.

పెద్దకొడుకు:
పెద్దలందరి లెక్క తెచ్చింది మీరే కదా!

నర్సింగ్_మూడో_ఏడు:
జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత, పురుషుల్లో 25 శాతం. రెండో రౌండుకే ఆయాసపడే అమ్మాయిని బద్ధకస్తురాలు అనే ముందు హిమోగ్లోబిన్ చూడండి.

నిజామాబాద్_అక్క:
2022లో తెలంగాణ కానిస్టేబుల్ పరీక్షకు మహిళలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరిగెత్తాలన్నారు. ఆ రోజుల్లో మా ఊరి గ్రౌండుకు చీకటితోనే అమ్మాయిలు గుంపుగా వచ్చేవారు. తల్లులే లేపి పంపేవారు.

మైదానం_మనిషి:
ఉద్యోగం కోసం వస్తారు, ఆరోగ్యం కోసం రారు. నేను అన్నది అదే.

రెండో_అంతస్తు:
అబ్బాయిలు ఆరోగ్యం కోసమే వస్తున్నారా? కండల కోసం వస్తే మీరు దాన్ని ఆసక్తి అంటారు. మా గదుల్లో తలుపు వేసుకుని ఎంతమంది స్క్వాట్లు చేస్తారో మీ రిజిస్టరుకు తెలియదు. బరువులు ఎత్తుతానంటే మా అత్తయ్య "మగరాయుడిలా అవుతావు" అన్నారు. సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది మన శ్రీకాకుళమే అని గుర్తుచేసినా వినలేదు.

మైదానం_మనిషి:
గదిలో చేసేదాన్ని నేను ఎలా నమ్మాలి? కళ్లకు కనిపించిందే రాస్తాను.

రెండో_అంతస్తు:
అయితే మీ కళ్లకు కనిపించినదే చెబుతాను. మన మైదానంలోనే నిరుడు మేం పరిగెత్తుతుంటే మెట్ల మీద కూర్చున్నవాళ్లు వీడియో తీశారు. ఫిర్యాదు చేస్తే మాకు వేరే సమయం ఇచ్చారు. తీసినవాళ్లను ఒక్క మాట అనలేదు. వాళ్ల సాయంత్రం వాళ్లకే ఉంది, మాకు ల్యాబు వేళ మిగిలింది. దీన్ని సౌకర్యం అనకండి.

మైదానం_మనిషి:
రేపు ఏదైనా జరిగితే తల్లిదండ్రులు నిలదీసేది నన్ను! మహిళా కోచ్ కావాలని ఎన్నిసార్లు రాసినా పోస్టు మంజూరు కాలేదు. ఒక్కడిని, ఎందరి మీద కన్నేసి ఉంచగలను? అందుకే వేరుగా పెట్టాను.

నిజామాబాద్_అక్క:
ఇప్పుడు అసలు మాట వచ్చింది. మీరు భయపడి పెట్టిన సమయం అది సార్.

రెండో_అంతస్తు:
మరి మా ఆసక్తిని ఎందుకు తప్పుపట్టారు? ఈ మాట మొదటి పోస్టులోనే రాయవలసింది.

మైదానం_మనిషి:
గేటు తాళం నా చేతిలో లేదు. నేను చేయగలిగింది చెప్పండి. గ్రౌండులో ఫోన్లు నిషేధించమంటారా?

రెండో_అంతస్తు:
వద్దు, పాట వింటూ పరిగెత్తేవాళ్లు మాలోనూ ఉన్నారు. వీడియో తీసినవాడిని నెల రోజులు గ్రౌండులోకి రానివ్వకండి, ఆ సంగతి నోటీసు బోర్డులో పెట్టండి. జిమ్ వేళ మార్చడం గురించి ఆ తరువాత మాట్లాడదాం.