అప్‌డేట్: ఆ క్యూబ్ రిపోర్టు మీద సంతకం పెట్టలేదు

పోయిన నెల ఇక్కడ ఏం చెయ్యమంటారని సలహా అడిగాను కదా, అపార్ట్‌మెంట్ సైట్‌లో క్వాలిటీ ఇంజినీర్‌ని. మూడో స్లాబుకి వాడింది ఎం25 కాంక్రీటు, అంటే 28 రోజులకు 25 మెగాపాస్కల్స్ బలం రావాలి. అదే కాంక్రీటుతో పోసిన టెస్టు క్యూబులు సగటున 19 దగ్గరే పగిలాయి. "26 అని రాసెయ్, ప్రాజెక్ట్ మేనేజర్ నువ్వే" అన్నారు మా సార్. మీలో సగం మంది రాసెయ్యమన్నారు, సగం మంది రాజీనామా చెయ్యమన్నారు.

రెండూ చెయ్యలేదు. క్యూబులు ఫెయిలైనంత మాత్రాన స్లాబు కూలగొట్టక్కర్లేదు, స్లాబులోంచే డ్రిల్లుతో కోర్లు (గుండ్రటి కాంక్రీటు ముక్కలు) తీసి బలం చూడొచ్చని మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456లోనే ఉంది. ఆ పేజీ ప్రింట్ తీసి సార్ టేబుల్ మీద పెట్టాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తిట్టుకుంటూనే డ్రిల్లింగ్ వాళ్లని పిలిపించారు.

మూడు కోర్లు. సగటు 25లో 85 శాతం, అంటే 21.25 దాటాలి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. డ్రిల్లు నుంచి బూడిదరంగు నీళ్లు బూట్ల మీద పడుతున్నా పక్కకి జరగలేకపోయాను, అంత టెన్షన్. సగటు 22.4 వచ్చింది! తీరా చూస్తే క్యూబులు నానబెట్టే తొట్టిలో నీళ్లు సగానికి ఇంకిపోయి ఉన్నాయి, సరిగ్గా నానక క్యూబులే బలహీనపడ్డట్టున్నాయి. అది చూసుకోవాల్సింది నేనే, ఒప్పుకుంటున్నాను.

ప్రమోషన్ మాత్రం పక్క సైట్ అతనికి ఇచ్చారు. అబద్ధమెందుకు, ఆ రాత్రి అన్నం తినలేదు. ఆ కుర్చీ నాకింకా కావాలి. వేరే కంపెనీకి రెజ్యూమే పంపాను, గురువారం ఇంటర్వ్యూ.