కల్దునీ తిప్పేటప్పుడు విడిపోతున్నాయి, ఎలా చేయాలి?

నేను బెలారస్‌లో మెడిసిన్ చదువుతున్నాను. ఇక్కడి కల్దునీ నాకు ప్రాణం. పచ్చి బంగాళాదుంప తురుము మధ్యలో ఖీమా పెట్టి, పెనం మీద కాల్చి, స్మెతానా అనే పుల్లటి మీగడతో తింటారు. సెలవులకి ఊరెళ్ళినప్పుడు అమ్మకి చేసిపెట్టాలని రెండుసార్లు ప్రయత్నించాను.

తురుములో ఉల్లిపాయ, గుడ్డు, చెంచాడు మైదా కలిపాను. ఐదు నిమిషాల్లో గిన్నె అడుగున నీళ్ళు చేరి, తురుము నల్లబడింది. అట్లకాడతో తిప్పగానే అంచు విడిపోయి ఖీమా బయటికొచ్చేసింది. పైన ఎర్రగా కాలినా లోపల మాంసం పచ్చిగానే ఉంది, అదే నాకు భయం.

తురుము గుడ్డలో వేసి గట్టిగా పిండాలా? అడుగున పేరుకున్న తెల్లటి పిండి తిరిగి కలపాలా? కాల్చాక ఓవెన్‌లో పెడతారట. మా ఇంట్లో ఓవెన్ లేదు, మూతపెట్టి సన్నని సెగ మీద మగ్గిస్తే సరిపోతుందా? చేసినవాళ్ళు దయచేసి చెప్పండి.