కృత్రిమ రీఫ్ మీద డెండ్రోనెఫ్తియా: లార్వా నుంచి వచ్చిందా, ముక్క నుంచా?

ప్రశ్న:
ఎర్ర సముద్రంలో, ఇజ్రాయెల్ రేవు ఎయిలాట్ దగ్గర, కృత్రిమ రీఫ్‌గా ముంచిన కాంక్రీటు దిమ్మెల మీద డెండ్రోనెఫ్తియా హెంప్రిచి అనే మెత్తటి పగడం పిల్ల కాలనీలు గుంపుగా కనిపిస్తున్నాయి. లైంగిక పునరుత్పత్తి జరుగుతోందని రిపోర్టులో రాయొచ్చా? కొమ్మల చివర్లు కోసి మైక్రోస్కోప్‌లో చూస్తే గుడ్లేమీ లేవు.

జవాబు 1:
అప్పుడే రాయకండి. ఈ జాతిలో కొద్ది పాలిప్‌లున్న (పాలిప్ అంటే కాలనీలోని ఒక్కో చిన్న జీవి) ముక్కలు తల్లి నుంచి వాటంతటవే ఊడి రాలతాయి. అడుగున వేర్లలాంటి పోగులు ముందే ఉంటాయి కాబట్టి తగిలినచోట అతుక్కుంటాయి. పెద్ద కాలనీ పక్కనే పిల్లల గుంపు ఉంటే ముందు దీన్నే అనుమానించాలి. తేడా తొలి రోజుల్లోనే దొరుకుతుంది: లార్వా (ఫలదీకరణ చెందిన గుడ్డు నుంచి పుట్టే ఈదే పిల్ల) నుంచి వచ్చేది ఒకే ఒక్క పాలిప్, ఎనిమిది టెంటకిల్స్‌తో (నోటి చుట్టూ ఉండే చేతుల్లాంటివి), ముక్క మొదటినుంచీ పాలిప్‌ల గుత్తే. పీవీసీ పలకల్ని నిలువుగా కట్టి తరచూ లెన్సుతో చూడండి. నెలల తరబడి వదిలేస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

జవాబు 2:
కొమ్మ చివర్లలో వెతకడమే పొరపాటండీ. గుడ్లు టెంటకిల్స్ దగ్గర కాదు, పాలిప్ అడుగున లోపలి గొట్టంలో, మెసెంటరీలకు (లోపలి పలుచని అడ్డుపొరలకు) అంటుకుని పెరుగుతాయి. అందుకే కొమ్మను మొదలు దాకా, 2-3 సెం.మీ. కోయాలి, అదీ అనుమతి ఉంటేనే. సముద్రపు నీటితో కలిపిన 4% ఫార్మలిన్‌లో ఒక రోజు ఉంచి, మంచినీటితో కడిగి, 70% ఆల్కహాల్‌లోకి మార్చండి. పాలిప్‌ను నిలువుగా చీల్చి చూస్తే గుండ్రని గింజలు కనిపిస్తాయి. లోపల పెద్ద కేంద్రకం ఉంటే గుడ్డు, లేకపోతే వీర్యకణాల సంచి. సెక్షన్ (మైక్రోస్కోప్ కోసం పలుచని కోత) తీయాలంటే ఫార్మిక్ ఆమ్లం, సోడియం సిట్రేట్ ద్రావణాలు సమపాళ్లలో కలిపి సున్నపు స్క్లెరైట్లను (కణజాలంలోని సన్నని గట్టి ముక్కలను) ముందే కరిగించాలి. లేకపోతే బ్లేడు మొక్కబోతుంది, కణజాలం చిరుగుతుంది.

జవాబు 3:
గుడ్డు కనబడినంత మాత్రాన విడుదలైనట్టు కాదు. ఇది ఏడాది పొడవునా గుడ్లు వదిలే జాతి, అన్ని సైజులూ ఒకేసారి ఉంటాయి. ఒక్క శాంపిల్‌తో ఏమీ తేలదు. గుర్తు వేసిన అవే కాలనీల నుంచి ప్రతినెలా తీసి గుడ్ల వ్యాసాలు కొలవండి. సార్కోఫైటాన్ గ్లాకమ్ అనే మరో మెత్తటి పగడం పద్ధతి వేరు. దానిలో గుడ్డు ఎదగడానికి సుమారు రెండేళ్లు పడుతుంది, విడుదల ఏడాదికోసారే. పుట్టగొడుగు గొడుగులాంటి దాని పైభాగం (డిస్కు) అంచు పాలిప్‌లు కోస్తే దానిలోనూ ఖాళీయే.

జవాబు 1 (మళ్లీ):
ఇంకో చౌక పరీక్ష. హెంప్రిచిలో ఆడ, మగ కాలనీలు వేరు. ఒకే గుంపులో రెండూ దొరికితే అదంతా ఒక్క తల్లి ముక్కలు కాదు. అన్నీ ఆడవే అయితే మాత్రం ఏదీ రుజువు కాదు, మైక్రోశాటిలైట్ (డీఎన్ఏ పోల్చి చూసే) పరీక్ష చేయించాల్సిందే.