మూటోన్ నినాదం: ‘కాను’ అనా, ‘కాలేను’ అనా?

పాతకాగితం:
చాలాకాలంగా ఒక వాక్యం సగం సగం గుర్తొస్తూ వేధిస్తోంది. ఎప్పుడో ఒక వారపత్రికలో ఫ్రాన్సు ద్రాక్షతోటల మీద వచ్చిన వ్యాసంలో చదివాను. బోర్దో ప్రాంతంలోని మూటోన్ అనే వైన్ ఎస్టేట్ వాళ్ల నినాదం. తెలుగులో ఇలా ఉన్నట్టు గుర్తు: ‘మొదటిదాన్ని కా…ను, రెండోదాన్ని కానొల్లను, మూటోన్ నేను’. చుక్కలు పెట్టిన చోట ‘లే’ ఉందా లేదా అన్నదే నా సందేహం. ‘కాను’ అనా, ‘కాలేను’ అనా? ఫ్రెంచ్ వచ్చినవాళ్లు తేల్చండి.

యానాం పడవ:
‘లే’ ఉంది, ఉండి తీరాలి. మూలం ‘ప్రెమియే న ప్వి, సెగోఁ న దెఞ్, మూతోఁ స్వి’. మొదటి ముక్కలోని ‘ప్వి’ అంటే చేయగలగడం, దాని ముందున్న ‘న’ వ్యతిరేకం. కాబట్టి కాలేను. పైగా ఫ్రెంచ్‌లో ‘ప్వి’కీ చివరి ‘స్వి’కీ ప్రాస కుదిరింది. తెలుగులో కాలేను, కానొల్లను, నేను అంటే మూడూ ‘ను’తో ముగుస్తాయి. ఆ వ్యాసం రాసినాయన చెవి ఉన్నవాడు.

నిఘంటువు నీడ:
ప్రాస ‘కాను’తో కూడా కుదురుతుంది కదండీ. నాకు ‘కాలేను’ మీద అభ్యంతరం ఉంది. తెలుగులో ‘కాలేను’ అంటే చేతకానితనం. పరీక్ష పాస్ కాలేను, పెద్ద ఉద్యోగస్తుణ్ణి కాలేను అన్నట్టు ఉంటుంది. మూటోన్‌కి చేతకాక కాదుగా! 1855లో బోర్దో వైన్ బ్రోకర్లు ధరల పట్టీలు చూసి తోటలకు తరగతులు కట్టారు. లఫీట్, లతూర్, మార్గో, ఓబ్రియోఁ నాలుగింటినీ మొదటి తరగతిలో పెట్టి, మూటోన్‌ని రెండో తరగతికి తలమానికంగా కూర్చోబెట్టారు. ఇది తన లోపం అని మూటోన్ ఏనాడూ ఒప్పుకోలేదు. ఒప్పుకోనివాడు ‘కాలేను’ అంటాడా?

యానాం పడవ:
అంటాడు, ఎందుకంటే వాక్యం మూటోన్‌ది కాదు. ఫ్రాన్సులో బ్రిటనీ ప్రాంతపు రోహాన్ వంశం వాళ్ల పాత బిరుదు వాక్యం ఒకటుంది: ‘రాజును కాలేను, డ్యూక్‌ను కానొల్లను, రోహాన్‌ను నేను’. దాన్నే మూటోన్ వాళ్లు తమకు మలచుకున్నారు. రోహాన్ ప్రభువు ‘రాజును కాలేను’ అన్నది చేతకాక కాదు, పుట్టుక అడ్డం వచ్చి. సింహాసనం వేరే వంశానిది. చేతకానితనం వేరు, వీలులేకపోవడం వేరు. తెలుగు ‘లేను’లో రెండూ ఇముడుతాయి. ‘ఈ వారం రాలేను’ అన్నప్పుడు కాళ్లు లేవని కాదుగా అర్థం.

లిబుర్న్ గట్టు:
రోహాన్ వాక్యంలో డ్యూక్ బదులు ప్రిన్స్ అని కూడా పాఠం ఉందండీ. నేను ఇక్కడ విన్నది అదే. రెండు పాఠాలూ ప్రచారంలో ఉన్నాయి.
మీరు ‘లే’ దగ్గరే ఆగిపోయారు గానీ నన్ను ఆపేది అంతకు ముందు మాట. ‘మొదటిదాన్ని’ అనడం ఎలా కుదురుతుంది? రోహాన్ వాక్యంలో మాట్లాడేది మగవాడు. మూటోన్ వాక్యంలో మాట్లాడేది తోటా, దాని దొరా? 1853లో తోట కొన్నది నతానియేల్ ద రోత్‌షీల్డ్. అంతకు ముందు దాని పేరు బ్రాన్ మూటోన్. ఆయన నోట అయితే ‘మొదటివాణ్ణి’ కావాలి. ఫ్రెంచ్‌కి ఆ ఇబ్బంది లేదు, ‘ప్రెమియే’ అని ఊరుకుంటుంది. తెలుగు అలా ఊరుకోనివ్వదు, వాడో అదో చెప్పి తీరాలి.

నిఘంటువు నీడ:
చివర్లో ‘మూటోన్ నేను’ అంది కదమ్మా, తోటే మాట్లాడుతోంది. ‘దాన్ని’ సరైనదే. ‘ఒల్ల’ గురించి ఎవరూ ఏమీ అనడం లేదు, నాకు అదే ముద్దుగా ఉంది. ‘దెఞ్’ అంటే తన స్థాయి నుంచి దిగి ఒప్పుకోవడం. ‘కాబోను’ అంటే భవిష్యత్తు అవుతుంది, ‘ఇష్టపడను’ అంటే చప్పగా ఉంటుంది. ‘ఒల్లను’లో ఆ తలబిరుసు ఉంది. ‘ఒల్లని మగడు తలంబ్రాలు పోసినట్టు’ అనే సామెతలో ఉన్నది అదే అయిష్టం.

ఛందోలంపట:
వచనంలో ఎందుకు కొట్టుకుంటారు, పద్యంలో పెడితే ఏ అక్షరం నిలబడుతుందో అదే చెబుతుంది. ఇదిగో ఆటవెలది:

మొదటి దాన గాను, ముందుంచ రీవేళ
రెండవదిగ నొల్ల, రీతి గాదు
పిలువ నాదు పేరు పేర్మితో మూటోను
మారు పేరు లేదు, మాట నిజము

మొదటి పాదం మూడో గణం సూర్యగణం. ‘గాను’ హాయిగా కూర్చుంది. ‘గాలేను’ అక్కడ పట్టదు. ‘ప్వి’లోని అశక్తత ఎక్కడికీ పోలేదు, ‘ముందుంచ రీవేళ’లోకి వెళ్లింది. తాను కాలేకపోవడం కాదు, వాళ్లు ఉంచకపోవడం. 1855 కథ ఆ రెండు గణాల్లో ఉంది.

యానాం పడవ:
పద్యం బాగుంది మాస్టారూ, ‘పేర్మితో మూటోను’ దగ్గర యతి చక్కగా పడింది. కానీ ఛందస్సు పట్టలేదు కాబట్టి మూలంలో లేదనడం న్యాయమా?

నిఘంటువు నీడ:
ఆటవెలదిలో పట్టకపోతే తేటగీతిలో పడుతుంది లంపట గారూ. ‘మొదటి దాన గాలేను నే ముందు నిలువ’. న, ర, ర, హ, న. యతి మొ-ము. చూసుకోండి. ‘కాను’ పక్షాన ఉన్నదాన్నే గానీ ఛందస్సుని అడ్డం పెట్టుకుని గెలవడం నాకు ఇష్టం లేదు.

ఛందోలంపట:
గణాలు సరే. ‘నే’ పూరణకు పెట్టారు, ‘నిలువ’ వేలాడుతోంది. మిగిలిన మూడు పాదాలు కూడా రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.

మెట్టసీమ:
‘లే’ సంగతి అలా ఉంచండి. అసలు మూటోన్ అంటే ఏమిటో అడిగారా ఎవరైనా? మాంసం కొట్టు ఫ్రెంచ్‌లో మూటోన్ అంటే గొర్రె. వాళ్ల చిహ్నం కూడా పొట్టేలే. కానీ అసలు పేరు పాత మాట ‘మోతోఁ’ నుంచి వచ్చిందని, దానికి దిబ్బ, ఎత్తు నేల అని అర్థమనీ చెబుతారు. నా ఓటు దానికే. పక్కనే ఉన్న లఫీట్ పేరు కూడా గాస్కన్ భాషలో చిన్న గుట్ట అనే అర్థమున్న ‘లా ఇత్’ నుంచే వచ్చింది. ఇరుగుపొరుగు తోటలు రెండూ గుట్ట పేరే పెట్టుకున్నాయంటే నేల అలాంటిది.
మూటోన్ ఉన్న పోయాక్ ఊరి చుట్టూ నేల చూడండి. గరోన్, దొర్దోన్ నదులు పిరెనీస్ నుంచీ మధ్య ఫ్రాన్సు కొండల నుంచీ దొర్లించుకొచ్చిన గులకరాళ్లు మెట్టలు మెట్టలుగా పోగుపడ్డాయి. మెట్టకీ మెట్టకీ నడుమ పల్లం. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు కాలవలు తవ్వి నీళ్లు తీసేదాకా ఈ మెదోక్ ప్రాంతంలో చాలా భాగం బురదే. గులకరాయి నీటిని నిలవనివ్వదు. వేరు నీటికోసం కిందికి దిగుతుంది. పగలు ఎండని పట్టుకున్న రాయి రాత్రి తీగకి వెచ్చదనం ఇస్తుంది. ఆలస్యంగా పండే కబెర్నే సొవిన్యోఁ ద్రాక్షరకానికి అది ప్రాణం. మన గోదావరి జిల్లాల వాళ్లకి మెట్ట, పల్లం తేడా ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. కాబట్టి ‘మూటోన్ నేను’ అంటే ‘మెట్టను నేను’. అప్పుడు ‘రెండోదాన్ని కానొల్లను’ ఎంత సొగసుగా ఉంటుందో చూడండి, ఎత్తు నేల కిందికి దిగనంటోంది!

లిబుర్న్ గట్టు:
సొగసు సరే, కానీ పొట్టేలు సంగతి ఏం చేస్తారు? 1922లో ఇరవయ్యేళ్ల వయసులో తోట చేతికొచ్చిన ఫిలిప్ ద రోత్‌షీల్డ్ పుట్టింది 1902 ఏప్రిల్ 13. మేషరాశి. పొట్టేలు అలా వచ్చింది. ఇంకొకటి, ఫ్రెంచ్‌లో ఖచ్చితంగా మాట్లాడితే ‘మూటోన్’ కొమ్ముల పొట్టేలు కాదు, మాంసానికి పెంచే విత్తులు కొట్టిన గొర్రె. పొట్టేలుకి ‘బెలియే’ అనే వేరే మాట ఉంది. కొమ్ములు తిరిగిన బెలియేని పెట్టి మూటోన్ అన్నారు. ఆ మాటకొస్తే గొర్రె ఉన్నదీ లేనిదీ చూసి పేరు అర్థం తేల్చలేం.

ఛందోలంపట:
ద్రాక్షారామం గుర్తొస్తోంది. ద్రాక్షతోట అనుకుని ఎంతమంది వెళ్లుంటారో! అది దక్షుడి ఆరామం. శ్రీనాథుడు ఒక శార్దూలంలో ‘దక్షారామ చళుక్యభీమవర గంధర్వ…’ అన్నాడు. అయితే ఒక విషయం. ఆ శార్దూలంలో ‘దక్షా’ బదులు ‘ద్రాక్షా’ అన్నా ప్రాస చెడదు, ‘గంధర్వ’లోని ధకారంతో యతీ చెడదు. ఛందస్సు ఏ పక్షానా సాక్ష్యం చెప్పదు. దక్షవాటి అని ఆయనే వాడాడు కాబట్టి అర్థం తేలింది.

యానాం పడవ:
అదిగో, మీరే ఒప్పుకున్నారు. ఛందస్సు సాక్ష్యం చెప్పదు. అయితే నా ‘కాలేను’ నిలిచింది.

ఛందోలంపట:
శ్రీనాథుడి దగ్గర చెప్పదన్నాను. సూర్యగణం దగ్గర చెబుతుంది.

నిఘంటువు నీడ:
శ్రీనాథుడిని తెచ్చారు కాబట్టి అడుగుతున్నా. ద్రాక్షతోట ఉన్న కవి ఫ్రాన్సులో ఎవరైనా ఉన్నారా? మనవాళ్లలో ద్రాక్షాపాకం రాసినవాళ్లే గానీ తోటలున్నవాళ్లు కనపడరు.

లిబుర్న్ గట్టు:
ఉన్నాడు! నేను ఎదురుచూస్తున్న ప్రశ్న ఇది. ఆసోనియస్. నాలుగో శతాబ్దం లాటిన్ కవి, బోర్దోలోనే పుట్టాడు. రోమన్ చక్రవర్తి గ్రేషన్‌కి చిన్నప్పుడు గురువు, 379లో కాన్సల్ అనే పెద్ద పదవిలో ఉన్నాడు. లిబుర్న్ దగ్గరి సాంతెమిల్యోఁలో సున్నపురాతి కొండ అంచున ఉన్న ఓజోన్ ఎస్టేట్‌కి ఆయన పేరే. ఆయన ఇల్లు సరిగ్గా అక్కడే ఉండేదన్నది స్థానికుల మాట. కానీ తోటలున్నాయని ఆయనే రాసుకున్నాడు. మొజెల్ నది మీద రాసిన కావ్యంలో ఆ నది ఒడ్డు తోటల్ని చూసి, నా తోటలు కూడా పసుపుపచ్చ గరోన్ నది మీద ఇలాగే రంగులు వేస్తాయి అంటాడు.
నాకు ప్రాణమైన చోటు ఇంకొకటి. సాయంత్రం చుక్క పొడిచే వేళ. కొండ నీడ నదిలో పడింది. నీళ్లలో కొండంతా తేలుతోంది, ద్రాక్షతీగలు అలల్లో వణుకుతున్నాయి, గుత్తులు నీటిలో ఉబ్బి కనిపిస్తున్నాయి. దోనెలో పోతున్న పడవవాడు నది మధ్యలో ఆ పచ్చటి తీగల్ని ఒక్కొక్కటిగా లెక్కపెడుతూ పోతాడు. ‘దెరీసుస్ నావితా’ అంటాడు, మోసపోయిన పడవవాడు. నేల ఎక్కడ ఆగి నీరు ఎక్కడ మొదలైందో తెలియని ఆ పాదాలు లాటిన్ రాకపోయినా ఎవరిచేతైనా చదివించుకుని వినండి.

యానాం పడవ:
‘దెరీసుస్’ అంటే మోసపోయిన అనా, నవ్వులపాలైన అనా? నవ్వు అనే ధాతువు అందులో ఉంది. ఎవరు నవ్వుతున్నారు, నదా?

లిబుర్న్ గట్టు:
నదే అని నా నమ్మకం. ఒడ్డున వేరే జనం ఉన్నట్టు ఆ పాదాల్లో లేదు.

మెట్టసీమ:
ఓజోన్ 1855 పట్టీలో ఎందుకు లేదమ్మా మరి? అంత పాత పేరు ఉండి?

లిబుర్న్ గట్టు:
ఆ పట్టీ కట్టింది బోర్దో బ్రోకర్లండీ. నదికి అవతల లిబుర్న్ వైపు సరుకు వాళ్ల చేతుల మీదుగా పోయేది కాదు. మెదోక్ బయట నుంచి ఎర్ర వైన్లలో ఓబ్రియోఁ ఒక్కటే ఎక్కింది. సాంతెమిల్యోఁకి సొంత పట్టీ 1955లో వచ్చింది.

పాతకాగితం:
అందరికీ నమస్కారం. ఆసోనియస్ కోసం రాత్రి చాలాసేపు మేలుకున్నాను. నా ‘లే’ మాత్రం అక్కడే ఉంది. ఇద్దరు కాను, ఒకరు కాలేను అంటున్నారు. ఇంతకీ ఆ నినాదం ఇప్పటికీ అదేనా?

యానాం పడవ:
అదే కాదు. 1973లో మారింది. అర్ధ శతాబ్దం పాటు ఫిలిప్ పట్టు వదలకుండా పోరాడితే, ఆ ఏడాది వ్యవసాయ మంత్రిగా ఉన్న జాక్ షిరాక్ సంతకంతో మూటోన్ మొదటి తరగతికి ఎక్కింది. 1855 పట్టీలో అలా పైకి ఎక్కినది అదొక్కటే. ఆ ఏటి లేబుల్ మీద పికాసో బొమ్మ వేశారు, ఆయన పోయిన ఏడాది కూడా అదే. కొత్త వాక్యం ‘ప్రెమియే జ స్వి, సెగోఁ జ ఫ్యు, మూతోఁ న షాఁజ్’. మొదటిదాన్ని నేను, రెండోదాన్నై ఉన్నాను ఒకప్పుడు, ఇక చివరి ముక్క…

నిఘంటువు నీడ:
‘మూటోన్ మారదు’.

యానాం పడవ:
అక్కడే ఆగండి. ‘షాఁజ్’ రూపం ఉత్తమపురుషకీ ప్రథమపురుషకీ ఒకటే. ముందు రెండు ముక్కల్లో ‘జ’ ఉంది, నేను నేను అంది. మూడో ముక్కలో ‘జ’ లేదు. మూటోన్ మారదా, మూటోన్‌ని నేను, మారనా?

నిఘంటువు నీడ:
‘జ’ తీసేశారు కాబట్టి ప్రథమపురుషే. ‘మారదు’.

యానాం పడవ:
మొదటి వాక్యంలో ఎక్కడా ‘జ’ లేదు, అయినా అంతా ‘నేను’ అనే చదివాం. పాత బిరుదు వాక్యాల పద్ధతి అది. ఆ పద్ధతిలో చూస్తే ‘మారను’. పైగా ఫిలిప్ స్వయంగా కవి, మొదటి ఎలిజబెత్ కాలపు ఇంగ్లిష్ కవితల్ని ఫ్రెంచ్‌లోకి తెచ్చినవాడు. సర్వనామం ఊరికే వదిలేసే మనిషి కాదు.

ఛందోలంపట:
‘మారదు’ భగణం, ‘మారను’ కూడా భగణం. ఈసారి రెండూ పడతాయి. నా నాలుగో పాదం మాత్రం ముందే చెప్పింది, ‘మారు పేరు లేదు’ అని. పేరు మారదు అన్నాను గానీ మనిషి సంగతి అనలేదు. పాతకాగితం గారూ, ఆ వ్యాసం ఏ సంవత్సరంలో చదివారో గుర్తుందా? 1973కి ముందా, తర్వాతా?