పనావిడ జీతానికి అపార్ట్‌మెంట్ అంతా ఒకే రేటు పెట్టొచ్చా?

నిజాంపేట_వాణి:
మా అపార్ట్‌మెంట్‌లో 60 ఫ్లాట్లు. పోయిన ఆదివారం కమిటీ వాళ్లు గ్రూపులో మెసేజ్ పెట్టారు. డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు ఊడ్చి, తుడిచి, అంట్లు తోమితే నెలకు 3,000. రెండు నాగాలు దాటితే రోజుకు 100 కోత. అంతకు మించి ఎవరూ ఇవ్వకూడదట. మా ఇంటికి నాలుగేళ్లుగా వస్తున్న ఆవిడ 4,000 ఇవ్వమంది, నెలకు రెండు రోజులు జీతంతో సెలవు కావాలంది. సరేనన్నాను. అప్పటి నుంచి లిఫ్టులో ఎవరు ఎదురైనా "మీరు రేట్లు పెంచి మా మీదకు తెస్తున్నారు" అంటున్నారు. నేను చేసింది తప్పా?

మూర్తి_రిటైర్డ్:
వాణి గారూ, మంచి మనసుతోనే చేశారు, కానీ తప్పే. మీ ఇంట్లో ఇద్దరూ సంపాదిస్తున్నట్టుంది. పెన్షన్ మీద బతికే నాకు వెయ్యి అంటే లెక్కే. పైగా నమ్మి దెబ్బతిన్నవాణ్ణి. రెండేళ్ల కిందట మా పనమ్మాయి వాళ్ల పాప ఇంటర్ ఫీజుకని 15,000 అడ్వాన్స్ అడిగితే మారు మాట్లాడకుండా ఇచ్చాను. నెలకు 1,000 చొప్పున ఆరు నెలలు పట్టుకున్నాను. ఏడో నెల మధ్యలో మానేసింది. ఫోన్ స్విచాఫ్. 9,000 పోయింది. ఆ డబ్బుకి ఎవరు బాధ్యులు? ముందు అది చెప్పండి.

గోదారిగట్టు:
రాజమండ్రిలో మా వీధిలో 2,500. ఊరిని బట్టి ఉంటుంది.

నిజాంపేట_వాణి:
మూర్తి గారూ, మీ అడ్వాన్స్ మా ఆవిడ తీసుకోలేదు కదండీ. మా ఇంట్లో రోజుకు గంటంబావు పని. నెలంతా వస్తే ముప్పై ఏడున్నర గంటలు. 3,000 ఇస్తే గంటకు 80 రూపాయలు. మొన్న సింకు దగ్గర ఆవిడ చేతులు చూశాను. రోజూ ఐదిళ్ల అంట్లు తోమే చేతులు. వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నానిపోయి చీలింది. పసుపు రాసుకుని అలాగే పనికి వచ్చింది. గ్లౌజులు కొనిచ్చాను. జిడ్డు వదిలిందో లేదో వేళ్లకు తెలియడం లేదమ్మా అని రెండో రోజే తీసేసింది.

మూర్తి_రిటైర్డ్:
గంటంబావు ఎక్కడిదండీ? మా గేటు యాప్‌లో వచ్చిన టైము, వెళ్లిన టైము పడతాయి. నెల రోజులు రాసి చూశాను. మా ఇప్పటి అమ్మాయి సగటున 48 నిమిషాలు ఉంటోంది. అంటే నెలకు 24 గంటలు. 3,000కి గంటకు 125 పడింది.

ఫ్లాట్_304:
చేయి తిరిగిన మనిషి గబగబా చేస్తే జీతం తగ్గించాలా?

మూర్తి_రిటైర్డ్:
తగ్గించమనలేదు. గంటంబావు అనకండి అంటున్నాను.

లేబర్_కోర్టు:
నిమిషాల గొడవ కాసేపు ఆపండి. కమిటీ మెసేజ్‌కి చట్టబలం ఏమీ లేదు. అలాగని ఇంటి పనివాళ్ల కోసం దేశమంతటికీ ప్రత్యేక చట్టమూ లేదు. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వీళ్ల కోసం 189వ ఒప్పందం తెస్తే మన దేశం అనుకూలంగా ఓటేసింది కానీ దాన్ని ఆమోదించలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయం పరిశీలించడానికి కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. 2013 నాటి లైంగిక వేధింపుల చట్టం మాత్రం మన ఇంటిని ఆవిడ పనిచేసే చోటుగానే చూస్తుంది. జీతంతో సెలవు, మానిపించే ముందు నోటీసు, తడి గచ్చు మీద జారి పడితే వైద్యం, ఇవన్నీ ఇంటి యజమాని మనసును బట్టే నడుస్తున్నాయి. ఏడాదికి 20 రూపాయలు కడితే 2 లక్షల ప్రమాద బీమా ఉంది, ప్రధానమంత్రి సురక్షా బీమా. ఆవిడ బ్యాంకు ఖాతాకు పెట్టించండి, ఆ 20 మీరే ఇవ్వండి.

డల్లాస్_తెలుగు:
ఇక్కడ ఒక మనిషిని నేరుగా పెట్టుకుని 2025లో 2,800 డాలర్లు, ఆపైన ఇచ్చి ఉంటే పెన్షన్‌కూ, ముసలితనంలో వైద్యానికీ కట్టే పన్నులు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌లో యజమాని వాటా కట్టాల్సిందే. మొదటి ఏడాది తెలియక నేను కట్టలేదు, తర్వాత సరిచేసుకున్నాను.

మూర్తి_రిటైర్డ్:
చట్టాలూ డాలర్లూ సరే. మేం ఆ అమ్మాయిని ఇంట్లో మనిషిలా చూశాం. దసరాకు చీర, సంక్రాంతికి అరిసెలు, పాపకు పుస్తకాలు, ఏదీ ఆమె నోరు తెరిచి అడగలేదు, మేమే ఇచ్చాం. ఇప్పుడు అందరూ హక్కులా అడుగుతున్నారు. ప్రేమతో పెట్టేది వేరు, లెక్క కట్టి తీసుకునేది వేరు.

నిజాంపేట_వాణి:
అంటే మీ బాధ వెయ్యి గురించి కాదన్నమాట! ఆవిడ నోరు తెరిచి అడిగినందుకు. ఉద్యోగంలో ఉన్నప్పుడు మీ సీఎల్‌లు మీ ఆఫీసరు ప్రేమతో పెట్టాడా? చీర ఇవ్వడానికి వచ్చిన చేయి ఒక ఆదివారం ఇవ్వడానికి ఎందుకు రాదు? ఇంట్లో మనిషైతే రోజూ గేటు దగ్గర బ్యాగు విప్పి చూపించాలా?

మూర్తి_రిటైర్డ్:
బ్యాగుల సంగతి ఎత్తకండి.

ఫ్లాట్_304:
ఎత్తాలి సార్. మీ రాతను బట్టి పోల్చుకున్నాను, మాదీ మీ బ్లాకే. ఆ అమ్మాయి మానేసిన వారం ఏం జరిగిందో మీరు రాయలేదు.

మూర్తి_రిటైర్డ్:
రాస్తాను. మా ఆవిడ వెండి కుంకుమ భరిణె కనిపించలేదు. సెక్యూరిటీకి చెప్పాను. వాళ్లు గేటు దగ్గర అందరి ముందూ ఆ అమ్మాయి బ్యాగు బల్ల మీద గుమ్మరించారు. టిఫిన్ డబ్బా, మందుల చీటీ, మేం ఇచ్చిన చీర. చీరకు గేటు పాస్ రాయడం మర్చిపోయాను. దానికోసం ఇంకో అరగంట నిలబెట్టారట. ఫోన్ చేస్తే నేను తీయలేదు, నిద్రలో ఉన్నాను. మర్నాటి నుంచి రాలేదు. పది రోజుల తర్వాత భరిణె దేవుడి గూట్లో పటం వెనక దొరికింది.

నిజాంపేట_వాణి:
ఆమె ఇల్లు తెలుసా?

మూర్తి_రిటైర్డ్:
వాచ్‌మన్‌కు తెలుసు. వెళ్లాలని రెండు మూడుసార్లు అనుకున్నాను. 9,000 వదిలేశానని చెబుదామా అని.

ఫ్లాట్_304:
ఆ మాట ఎత్తకండి సార్. ఏడో నెల మధ్యలో మానేసిందన్నారు. ఆ నెల చేసిన రోజులకు జీతం ఇచ్చారా?

మూర్తి_రిటైర్డ్:
18 రోజులు చేసింది. అప్పటి జీతం 2,500. 1,500 అవుతుంది. ఇవ్వలేదు.