సంక్రాంతి స్టాల్ గురించి: ఏడో క్లాసు పిల్లల్ని పట్టుకుందాం

అందరికీ నమస్తే. డాలస్ సంక్రాంతి ప్రోగ్రామ్‌లో మన గుంటూరు బడుల స్టాల్ పెడుతున్నాం కదా, పదో తరగతి టాపర్లకి లాప్‌టాప్‌లు ఇచ్చే ప్లాన్ ఈసారి ఆపుదాం అంటున్నా. నూజివీడు ట్రిపుల్ ఐటీ సీటు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు, ఆ టాపర్లు ఎలాగైనా దారి చూసుకుంటారు. మనకి పిల్లలు జారిపోయేది అంతకంటే ముందే.

ఎన్‌ఎంఎంఎస్, అదే కేంద్ర ప్రభుత్వం పేద పిల్లలకి ఇచ్చే స్కాలర్‌షిప్, దాని పరీక్ష ఎనిమిదో క్లాసులో రాయాలి. సెలెక్ట్ అయితే తొమ్మిది నుంచి ఇంటర్ అయ్యేదాకా ఏడాదికి 12,000, అంటే 48,000. కానీ ఏడులో 55 శాతం రాకపోతే అసలు పరీక్షకే కూర్చోనివ్వరు, ఎస్సీ ఎస్టీ పిల్లలకైతే 50. ఈ ముక్క ఎనిమిదిలోకి వచ్చాక చెప్తే ఏం లాభం?

పోయినేడు ఒక పాప ఇంటికి వెళ్లా, వాళ్లమ్మ మిర్చి తొడాలు తీసే పని నుంచి అప్పుడే వచ్చింది, చేతులు మండుతున్నాయని ఎన్‌ఎంఎంఎస్ కాగితం ముట్టుకోకుండా కూతుర్నే చదవమంది. పాప చదివింది, బడిలో పేరు ఒకలా ఆధార్‌లో ఒకలా ఉందని అప్పుడే బయటపడింది, సరిచేయించేలోపు గడువు అయిపోయింది. బాగా చదివే పిల్ల. ఇప్పటికీ నాకు బాధే.

మీ అమెరికాలో గేర్ అప్ ఉందిగా, పేద పిల్లల్ని కాలేజీకి సిద్ధం చేసే ప్రభుత్వ పథకం, 1998లో చట్టం చేశారు, ఏడో గ్రేడ్ దాటకముందే మొదలుపెట్టి హైస్కూల్ అయ్యేదాకా ఆ పిల్లల వెంటే ఉంటారు, చాలాచోట్ల బ్యాచ్ మొత్తాన్ని తీసుకుంటారు. మనమూ ఒక్క మున్సిపల్ స్కూల్, ఒక్క ఏడో క్లాసు, ఇంటర్ దాకా వదలకుండా పట్టుకుందాం.

డాలస్ నుంచి అక్క: బాగుంది తమ్ముడూ, కానీ లాప్‌టాప్‌లకి స్పాన్సర్ ఆల్రెడీ ఒప్పుకున్నారు, ఇప్పుడేం చెప్పను? వాలంటీర్లకి పనేంటి?

అక్కా, ఆయనతో నేను మాట్లాడతా, ఆ డబ్బుతో లెక్కలు, రీజనింగ్ ప్రాక్టీస్ పుస్తకాలు, ఇక్కడ సాయంత్రం క్లాసు చెప్పే డిగ్రీ పిల్లలకి ఎంతో కొంత వస్తుంది. మీ వైపు నలుగురు చాలు, శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి వీడియో కాల్, మాకు ఆదివారం పొద్దున ఎనిమిది, పిల్లలు ఇంట్లోనే ఉంటారు. నాలుగు వారాలు వచ్చి మానేసేవాళ్లు మాత్రం వద్దు, పిల్లలు ఎదురుచూస్తారు. ఆధార్ పేర్లు, సచివాలయంలో ఇన్‌కమ్ సర్టిఫికెట్లు నేను చూసుకుంటా. సోమవారం హెచ్‌ఎం గారిని కలుస్తున్నా, ఆలోపు ఆ నలుగురి పేర్లు ఇక్కడ పెట్టండి.